అయిదు అడుగులు

రాజోలు కోర్టులో నేను స్టెనోని.
ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఇంకొకరి నోటిమాటని పెన్సిలుతో విన్నవాణ్ణి.
తీర్పులు ఎలా పుడతాయండీ అని ఎవరైనా అడిగితే
పెన్సిలు చెక్కుకుంటూ ఊరుకునేవాణ్ణి.
ఇప్పుడు పెన్షనొస్తోంది. చెబుతాను.

దొమ్మేటి సత్తెమ్మ దావా అది.
ఆమెది ఎకరం పావు వరి.
ఆనుకుని ముదునూరి వారి రొయ్యల చెరువు.
ఉప్పు గట్టు దాటదని వాళ్ళ జవాబు దావా.
"ఉప్పుకి కాళ్ళుంటాయా?" అన్నాడు ప్లీడరు.
హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను.
సత్తెమ్మ సంచీలోంచి సోడాసీసా తీసి
బల్ల మీద పెట్టింది. బోరునీళ్ళు.
"కాళ్ళున్నాయో లేవో నాలిక్కి తెలుస్తాదండి."
సీసాకి ఎ-నాలుగు అని గుర్తు వేశాం.

వ్యవసాయం ఆఫీసరు ఒకటి రాశాడు,
చేపల ఆఫీసరు దాన్ని తిరగేసి రాశాడు.
అమీను టేపు పట్టుకెళ్ళి బురదతో తిరిగొచ్చాడు.
చట్టం ఏమందీ అని చూస్తే
చెరువుకీ చేనుకీ మధ్య
"తగినంత" దూరం ఉండాలంది.
తగినంత అంటే ఎంత?
రాసినవాళ్ళు ఆ మాటని పసిగుడ్డులా
మా కోర్టు గుమ్మంలో వదిలేసి
రాజధాని బస్సెక్కేశారు.

మధ్యాహ్నం, కరెంటు లేదు.
జడ్జి సులోచన గారు ఛాంబర్లో డిక్టేషన్ చెబుతున్నారు:
"గట్టు అంచు నుంచి పదిహేను అడుగుల..."
ఆగారు.
సీసా మూత తీశారు.
చిటికెన వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు.
నా పెన్సిలు గాల్లో ఉండిపోయింది.
కూజాలోంచి గ్లాసు నిండా వంచుకుని
సగం తాగి, సగం అలాగే పట్టుకుని
"పదిహేను కొట్టెయ్. ఇరవై" అన్నారు.
"కారణం ఏమని రాయనమ్మా?"
"రికార్డులో ఉన్న సాక్ష్యాల దృష్ట్యా."
ఇంకో మాటన్నారు, దాన్ని మాత్రం
రాయొద్దన్నారు. రాయలేదు.

జిల్లా కోర్టు సరే అంది.
హైకోర్టు ఒకే ఒక్క వాక్యంలో
జోక్యం అవసరం లేదంది.
కలెక్టరాఫీసు మెమో మా తీర్పుని పేరా సహా ఎత్తుకుంది,
మెమోలోంచి జీవోలోకి,
జీవోలోంచి బ్యాంకు లోను కాగితంలోకి,
సర్వేయరు గొలుసులోకి
మా ఇరవై పాకింది, పిల్లకాలవల్లో గుర్రపుడెక్క పాకినట్టు.
ఎవరూ ఓటెయ్యని అంకె
డెల్టా అంతా గట్లెక్కి కూర్చుంది.

సత్తెమ్మ చేను రెండో ఏటికి కోలుకుంది.
పదకొండు బస్తాలండి, ఆయ్, అని
కోర్టు వరండాలో బంట్రోతుక్కూడా చెప్పింది.

అదే వరండాకి ఒక రోజు
గెడ్డం ఏసుపాదం వచ్చాడు.
సర్కారు పట్టా ఇచ్చిన చెక్క, వెడల్పు యాభై అడుగులు.
రెండు పక్కలా వరి.
"ఈ ఇరవై ఎవరు పెట్టేరండి బాబూ?
అటిరవై ఇటిరవై పోతే నాకు మిగిలింది పది.
పదడుగుల్లో ఏం పెంచమంటారు, కప్పల్నా?
పదిహేనైనా బతికేవోణ్ణి."
పదిహేను అని అతనికెవరు చెప్పారు?
ఎవరూ చెప్పలేదు. ఊరికే అన్నాడు.
నేను ఫైలేదో వెతుకుతున్నట్టు
లోపలికి వెళ్ళిపోయాను.

స్టెనో పుస్తకాలు మూడేళ్ళకి చింపెయ్యాలి.
అది చింపలేదు.
అడ్డగీత కింద పదిహేను ఇంకా కనబడుతుంది,
ఇంట్లో ట్రంకుపెట్టెలో.

ఆవిడకి ఎప్పుడో బదిలీ అయింది.
తప్పు చేశారా అంటే కాదంటాను,
ఒప్పేనా అంటే
ఏసుపాదం గొంతు వినబడుతుంది.

రిటైరయ్యే వారం రికార్డు రూము సర్దుతుంటే
ఎ-నాలుగు దొరికింది.
ఆ రోజు మూత సరిగా బిగించినట్టు లేదు,
చుక్క నీరు లేదు.
అడుగున మాత్రం
గోటితో గీసినా పోని
తెల్లటి చార.