ముందు అక్షాంశం

కువైట్, జూన్, రాత్రి రెండున్నర.
ఏసీ చలికి శాలువా కప్పుకుని
ధూళి తుఫాను కోసం వెతుకుతున్నాను.
నాసిరియా దాటిందని ఉపగ్రహం చెప్పి గంటయింది.
నా పటం మీద మాత్రం
గల్ఫ్ అంతా తుడిచిన పలకలా ఉంది.

పాత పెట్టెలున్నప్పుడు ఈ బాధ లేదు,
వాటిని ఏమీ అడగడానికే ఉండేది కాదు.
రాడార్ ఒక కంపెనీది, గాలి ఇంకొకరిది,
మెరుపులు మరెవరివో.
దేని తెర దానిదే, దేని తాళం దానిదే.
మూడింటి మధ్య మెడ తిప్పి తిప్పి
ఇద్రీస్ గారు ఆకాశాన్ని తలలోనే కుట్టుకునేవారు.
పోయినేడు రిటైరయ్యారు.
ఆ కుట్టు ఆయనతోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు అందరికీ ఒకటే మర్యాద:
ఈ నాలుగు మూలల మధ్య, ఈ గంటకు, ఈ పొర ఇవ్వు
అని అడిగితే చాలు,
ఎవరి యంత్రమైనా బొమ్మ గీసి పంపాల్సిందే.
ఎవడబ్బ సొత్తూ కాని భాష.
మహబూలా మెస్సులో చారు గిన్నె దగ్గర
నేపాలీ, పఠాన్, మా రాజలింగు
సగం హిందీ సగం అరబ్బీలో ఉప్పు అడుగుతారే, అలాంటిది.
వ్యాకరణం ఎవరిదో ఎవరికీ తెలీదు.
ఉప్పు మాత్రం చేతికొస్తుంది.

మరి నా తుఫాను?

పటాన్ని చిన్నది చేశాను. ఇంకా చిన్నది.
దొరికింది.
నల్ల సముద్రానికి ఎగువన, గోధుమ చేల మీద
మా ఎడారి హాయిగా కురుస్తోంది.

ఇరవై తొమ్మిది, నలభై ఎనిమిది.
కొత్త ప్రతి అక్షాంశం ముందు చెప్పమంటుంది,
పాతది రేఖాంశం ముందు.
రెండూ రాసిపెట్టే ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు.
చదవంది నేనే.

ఫోన్ మోగింది. రన్‌వే ఊడ్చే బండిలోంచి రాజలింగు:
"అక్కా, మట్టి వాసనొస్తుంది. లైట్లు మసకబడ్డయ్.
మీ టీవీల ఏమన్న కనబడుతుందా?"

రెండు అంకెలు అటుదిటు మార్చాను.
గోధుమ రంగు మచ్చ ఒక్క గెంతులో
సముద్రాలు దాటొచ్చి మా నెత్తిన కూర్చుంది.
"వచ్చింది," అన్నాను.
"నాకెప్పుడో వచ్చింది," అని దగ్గాడు.

కొచ్చి విమానం దమ్మామ్‌కు మళ్లింది.
లాగ్‌లో, ఇక్కడ మొదట గమనించింది ఎవరు అన్న గడిలో
ఉపగ్రహం అని కొట్టబోయి, ఆగి,
రాజలింగు అని టైపు చేశాను.
ఆ ఒక్క గడికి ఏ ప్రమాణమూ లేదు,
ఏం రాసినా తీసుకుంటుంది.