మూడో షెడ్డు

ప్రాస్పెక్టస్ నాలుగొందల పద్దెనిమిది పేజీలు.
గాజువాక కాటా గదిలో, లారీకీ లారీకీ నడుమ,
పదకొండు రాత్రులు చదివాను.

గోదాములు తొంభై నాలుగు శాతం నిండాయట.
షేరు మూడొందల ఇరవై ఎనిమిది, లాటుకి నలభై ఐదు.
నా నెల జీతానికి
రెండొందల నలభై తక్కువ.

తూకం మనిషిని.
ఖాళీ బండిని ఎక్కించి చూడందే
సరుకు బరువు రాయను.
ఆదివారం బండేసుకుని
పెందుర్తి దాటి సబ్బవరం వెళ్లాను.

జీడితోట కొట్టేసిన ఎర్రమట్టి మీద
ఐదు షెడ్లు,
అట్ట మీద ఫొటోలో ఉన్నంత తెల్లగానే.

గేటు దగ్గర దాలయ్య బీడీ ఆర్పాడు.
"అద్దెకిచ్చీసినారు బాబూ, నిజమే.
సరుకే రాలేదు.
వానొస్తే మూడో దాన్లో నీరు నిలుస్తాది,
అదే పేజీలో రాసినారేటి?"

రాశారు. ముప్పై తొమ్మిదిలో.
'ప్రతికూల వాతావరణం' అని,
చీమ అక్షరాల్లో,
హుద్‌హుద్ పేరెత్తకుండా.

లోపల గోడ మీద
జానెడు ఎత్తున ఆగిపోయిన నీటి మరక.
పక్కనే ఎవరో సుద్దతో వేసిన తారీఖు,
ఆడిటర్ సంతకం కన్నా తేటగా.

"ఇదంతా మీరు కొంతారా?"
"ఒక్క మూల. నీ కుర్చీ పట్టేంత."
"అయితే ముందు ఆ మూల ఎత్తు చేయించండి."

సోమవారం, ఐదు లోపు
ఫోన్లో సరే అని నొక్కాలి.
కాటా మీదికి లారీ ఎక్కింది.
అంకెలు ఊగుతాయి కాసేపు,
నిలబడేదాకా రాయకూడదు.

నాలుగూ యాభై రెండు.
ఇంకా ఊగుతున్నాయి.