కర్టెన్ మీద కాలువ

ఫ్రీటౌన్ నగర పటంలో మా పేట లేదు.
పీతలరేవు ఉండాల్సిన చోట
లేతనీలం రంగు. సముద్రమట.
ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు
కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ
"మీరు నీళ్ళలో ఉన్నారమ్మా" అన్నాడు.
నవ్వాం.
ఆగస్టులో రా బాబూ,
నీ పటమే నిజమవుతుంది.

ఆ రాత్రే పాత కర్టెనొకటి నేలమీద పరిచాను.
నేను సెంటో కొరోమా. దర్జీని.
బడిపిల్లల యూనిఫాంలు కుడతాను.
గీయడం రాదు, కుట్టడం వచ్చు.
గోధుమరంగు దారంతో ఇళ్ళు,
నల్లదారంతో కాలువ,
ఎవరింట్లో ఎంతదాకా వచ్చిందో నీలిదారంతో.
రమాతూ ఇంట్లో మోకాలు.
చేపలు పొగబెట్టే యెబు ఇంట్లో నడుము.
పా బోకారీ గోడమీద
మూడేళ్ళ కిందటి గీత దగ్గర
ఆయన వేలు ఆగింది, మాట రాలేదు.
అక్కడ ముడి వేశాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.

పైన కొండమీద అడవి ఉండేది.
ఇప్పుడు ప్రహరీల మేడలు, జనరేటర్ల రొద.
ఒకప్పుడు చెట్లు తాగిన వాన
ఇప్పుడు మెట్లు దిగినట్టు తిన్నగా
మా మంచాల దగ్గరికొస్తుంది.
ఎవరో వాడుకున్న చల్లదనానికి
బాకీ వసూలు మా గుమ్మంలో.

ఈసారి చీటీ డబ్బు ఎవరి చేతికీ పోలేదు.
పన్నెండు పారలైంది, నాలుగు తోపుడుబళ్ళైంది.
రబ్బరు బూట్లు రెండే జతలు, వంతులేసుకున్నాం.
శుక్రవారం మసీదు, ఆదివారం చర్చి,
ఎవరి దేవుడికీ అడ్డు రాదని
శనివారం తవ్వాం.

కాలువలోంచి లేచినవి:
నీళ్ళ పాకెట్లు, నీళ్ళ పాకెట్లు,
మళ్ళీ నీళ్ళ పాకెట్లు,
తలుపులేని ఫ్రిజ్జు,
నీరు తాగి తాగి దూడంత బరువెక్కిన పరుపు,
ఎవరిదో పెళ్ళిచెప్పు, ఎడమకాలిది.
అది తొడుక్కుని రమాతూ కొడుకు
కుంటుతూ డాన్సు చేశాడు.

ఆరో శనివారం పార ఠంగుమంది.
సిమెంటు.
కర్టెన్ తెచ్చి చూశారు.
నల్లదారం ఒకచోట రెండంగుళాలు మాయమై
అవతల మళ్ళీ మొదలవుతుంది.
కుట్టింది నేనే, నాకు తెలుసు.
అక్కడ నా వంటగది.

ఎన్ని యూనిఫాంలకొక సిమెంటు బస్తానో
నా మెడనరాన్నడగండి.
కొట్టెయ్యమని ఎవరూ అనలేదు.
అదే కష్టమైంది.
అరిచివుంటే పోట్లాడేదాన్ని.
పా బోకారీ పారకర్ర మీద గడ్డం ఆనించి
కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే.

మొదటి దెబ్బ నేనే వేశాను.
రెండోది వేయలేకపోయాను.
మిగతావి వాళ్ళు వేశారు,
ఇటుక ఇటుకా లెక్కపెట్టి పక్కన పేర్చారు.
ఇప్పుడు యెబు చేపల పొయ్యిమీదే
నా కసావా ఆకుకూర ఉడుకుతుంది.
పొగవాసన వేస్తుంది.
ఇంకా అలవాటు కాలేదు.

జులైలో వచ్చింది వాన, మూడు రోజులు,
రేకులమీద గులకరాళ్ళు దొర్లించినట్టు.
మంచాలమీద కాళ్ళు ముడుచుకుని చూస్తున్నాం.
గుమ్మం దాటింది.
చీలమండ.
అక్కడ కాసేపు ఆలోచించింది.
చీకట్లో రమాతూ కొడుకు కేక:
"పోతోంది! పోతోంది!"
ఒకప్పుడు నా గిన్నెలున్న చోటునుంచి
ఎర్రటి నీరు
తోసుకుంటూ, తిట్టుకుంటూ పోతోంది.

తెల్లారాక రేవు దిగువనుంచి
ఒక ముసలామె వచ్చింది
తడిసిన లుంగీ పిండుకుంటూ.
తిట్టడానికే వచ్చింది,
ఓపిక లేక కూలబడింది.
"మీ నీళ్ళు మా ఇంటికొచ్చాయి" అంది.

టీ ఇచ్చాను.
పేరడిగాను. యా యేలీ.
ఎంతదాకా అనడిగాను.
అరచెయ్యి తెచ్చి
రొమ్ముమీద పెట్టుకుంది.

కర్టెన్ అంచు మా పేటతోనే అయిపోయింది.
పాత దుప్పటేదైనా ఉంటే ఇమ్మని
ఇల్లిల్లూ తిరుగుతున్నాను.
రంగు ఏదైనా ఫరవాలేదు.
నీలిదారం మాత్రం
ఎక్కువ కావాలి.