ఒడ్డున పాతిన పుల్ల

మూడింటికి చేరాం కోక్-సాయ్ ఒడ్డుకి.
మ్యాపులో అదొక సన్నని నీలి గీత.
పొద్దున వోయ్‌తేఖ్ దాన్ని గోటితో కొలిచి
"పది నిమిషాల పని" అన్నాడు.

ఇక్కడ చూస్తే
సున్నం కలిపిన బూడిద రంగులో
అడుగు కనపడని నీళ్ళు.
అడుగు కనపడకపోతే
మనం ఎంత లోతు కావాలనుకుంటే
అంత లోతే ఉన్నట్టుంటుంది.

మా మేనత్త బూబూసారా గుర్రం దిగలేదు.
గుర్రం రెండు చెవులూ వెనక్కి వాల్చింది.
"దీనికీ ఇష్టం లేదు" అంది అత్త.
ఆమెకి కిర్గిజ్ తప్ప రాదు,
అతనికి కిర్గిజ్ తప్ప అన్నీ వచ్చు,
నడుమ దుబాసీని నేను,
రోజు కూలికి.

అప్పుడు దిగి, పిడికిలంత రాయి విసిరింది.
పలచటి నీళ్ళైతే రాయి టప్పుమని చిట్లుతుంది.
ఇది గుబుక్కుమంది,
ఎవరో గుటక వేసినట్టు.

"పై చప్పుడు వదిలెయ్యి. కింది చప్పుడు విను."
అరచెయ్యి నేలకి ఆనించాను.
టక్... టక టక... టక్.
నీళ్ళ కింద గుండ్రాళ్ళు
ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దొర్లుతున్నాయి.
రాళ్ళే నిలబడలేని చోట
నాకేం పని?

వోయ్‌తేఖ్ ఒడ్డు వెంబడి పరిగెత్తి
ఇరుకు చోటు కనిపెట్టాడు.
"నాలుగంగలు! మొలలోతు కూడా ఉండదు!"
అత్త నవ్వింది.
ఇరుకులో నీళ్ళు తగ్గవట,
నిలువునా నిలబడతాయట.
పారే నీళ్ళలో మోకాలిలోతు
నిలవ నీళ్ళలో మెడలోతుతో సమానమట.
ముందు అవతలి ఒడ్డు కాదు, దిగువకి చూడమంది,
పడితే ఎక్కడ తేలతావో.
దిగువన మలుపులో
కూలిన స్ప్రూస్ చెట్టొకటి
దువ్వెనలా కొమ్మలు చాపి పడుంది.
"అందులోంచి నీళ్ళు పోతాయి.
నువ్వు పోవు."
ఈ మాట అనువదించడానికి
కాసేపు పట్టింది నాకు.

అర్చా పుల్ల ఒకటి విరిచి
నీటి అంచున పాతింది.
"టీ తాగుదాం."

కెటిల్ మరిగేలోగా పుల్ల చుట్టూ నీళ్ళు.
రెండో గిన్నె అయ్యేసరికి బెత్తెడు.
పొద్దున పైన కరిగిన మంచు ఇప్పుడొచ్చింది,
ఇప్పుడు కరుగుతున్నది చీకటి పడ్డాక వస్తుంది.
వోయ్‌తేఖ్ శనివారం బస్సు గురించి చెప్పాడు,
విమానం గురించి చెప్పాడు.
చెప్పిందంతా నదికి కూడా
తర్జుమా చెయ్యమన్నట్టు నావైపు చూశాడు.

రాత్రంతా పక్కగదిలో ఎవరో
ఇనప్పెట్టెలు జరుపుతున్నట్టు రాళ్ళు.
ఏ జామునో ఆ చప్పుడు ఆగింది.
దానికి మెలకువ వచ్చింది.

నాలుగింటికి గడ్డి మీద మంచు పెళపెళ.
పుల్ల పొడి నేల మీద నిలబడి ఉంది,
మూరెడెత్తున బురద గీత కట్టుకుని.
అత్త మమ్మల్ని ఎగువకి నడిపించింది,
నది అయిదు పాయలుగా చీలే చోటికి.

బూట్లు విప్పొద్దు.
సంచీ నడుం పట్టీ విప్పెయ్యి,
పడితే సంచీ పోనీ, నువ్వు ఉండు.
ఎదురు నీటికి మొహం పెట్టు.
కర్ర మూడో కాలు; ఒక్కసారి ఒక్క కాలే కదపాలి.
నీళ్ళకేసి చూశావా, కళ్ళు తిరుగుతాయి;
ఆ ఎర్రబండని చూస్తుండు.

మొదటి పాయ చీలమండ దాకా.
రెండోది పిక్క దాకా.
మూడో దాంట్లో చలి ఎముకని కొరికింది,
నాలుగో దాంట్లో కాళ్ళు ఉన్నాయో లేవో
కిందికి చూస్తే గాని తెలియలేదు, చూడకూడదు.

అయిదోది సన్నగా ఉంది.
గుర్రం ఆగింది.
అత్త కర్ర దించింది,
దిగుతూనే ఉంది కర్ర.

అవతల ఎర్రబండ, ఎంత, పన్నెండు అంగలు.
ఎవరం మాట్లాడలేదు.
వోయ్‌తేఖ్ ఆ బండని చాలాసేపు చూసి
తల అడ్డంగా ఊపి
వెనక్కి తిరిగాడు.
దానికి దుబాసీ అక్కర్లేకపోయింది.

తిరుగుదారిలో ఎండ శిఖరం అంచుని తాకింది.
మూడో పాయలో అప్పటికే
వేలెడు పెరిగింది నీరు.

కింది ఊరి వంతెనకి రోజున్నర నడక.
బస్సు మేం లేకుండానే వెళ్ళింది.
బయల్దేరేముందు వోయ్‌తేఖ్
ఒడ్డున వాలిపోయిన ఆ పుల్లని
నిటారుగా మళ్ళీ పాతి,
చుట్టూ రాళ్ళు పేర్చాడు.
ఎవరికోసమని అడిగింది అత్త.
నేను అనువదించలేదు.