ఊ అనేదాక

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు,
టైర్ల దుకాణం మీద రెండో అంతస్తు.
పొద్దుగాల నాలుగున్నరకు షట్టర్ లేపేది నేనే.
లేపంగనే ముందుగాల ముక్కుకు తగిలేది
నిన్నటి చెమట.
ఎవలిదో చెప్పలేను.
చెమటకు ఇంటిపేరుండదు.

అద్దాలు తుడుస్త, రబ్బరు చాపలు దులుపుత.
రాత్రి ఎవడో ఎత్తి,
ఎత్తినట్టే ఇడిసిపెట్టి పోయిన ఇనుప బిళ్ళలు
ఒక్కొక్కటే ఊడదీస్త.
ఇరవైది ఇరవై కాడ, పదిది పది కాడ.
ఓనరు వినీల్ సారు గోడకు కాయితం అంటించిండు,
పన్నెండు రూల్సు, ఎర్రక్షరాలు, ఇంగ్లీషుల.
సదువచ్చినోళ్ళంత దాని కిందనే నిలవడి
కండలు చూపిచ్చుకుంట ఫొటోలు దిగుతరు.

నాకు ఆ పన్నెండు రావు.
వచ్చినయన్ని బియ్యం మిల్లుల నేర్చినయే.
పందొమ్మిదేండ్లు హమాలీ చేసిన,
నడుం ఇగ వద్దన్నదాక.

మొదటి దినమే చెప్పిండు ముఠా మేస్త్రి మట్టయ్య:
బరువు మోసేటోనికి ఉత్త చేతులోడు తొవ్వ ఇయ్యాలె,
వాడు నీకన్న చిన్నోడైనా సరే.
పలక మీదున్నోన్ని పలకరియ్యొద్దు,
పెండ్లి ముచ్చటైనా చావు ముచ్చటైనా
దిగినంక చెప్పాలె.
కుండల నీళ్ళు తాగితె
ఎనకొచ్చేటోనికి గ్లాసెడన్న ఉండాలె.
కొత్తోడు తూలితె నవ్వొద్దు,
నీ మొదటి బస్తా గూడ ఎవలో ఒకలు చూసే ఉంటరు.

అన్నిటికంటె పెద్దది ఒకటుండె.
ఎవని వీపు మీదికైనా బస్తా ఎత్తిచ్చినవా,
వాడు "ఊ" అనేదాక
చెయ్యి తియ్యొద్దు.

ఊ.
గంతే, ఒక్కక్షరం.
దానికోసం ఆగనోన్ని
మట్టయ్య మళ్ళ ముఠాల కలుపుకోలే.

సాయంత్రం ఆరైతె జిమ్ము నిండుతది.
చెవులల్ల తెల్లటి గింజలు పెట్టుకొని
ఎవని లోకంల వాడు.
ఒకడు మిషిన్ మీద కూసొని ఫోనుల బొమ్మలు జరుపుతుంటడు,
ఆ మిషినే కావాల్సిన పిల్ల
దాని చుట్టు మూడుసార్లు తిరిగి
అడగనీకె మొహమాటపడి
నీళ్ళ కాడికి పోయి నిలవడుతది.
ఇంకొకడు డంబెల్ దబ్బున పారేస్తె
కిందికెల్లి టైర్ల యూసుఫన్న అరుస్తడు:
"అరె, కప్పు పడేటట్టున్నది భాయ్!"

పోయిన బేస్తారం
ఆర్టీసీ కండక్టర్ జానయ్య వచ్చిండు.
షుగరని డాక్టరు పంపిండట.
ఖాకీ ప్యాంటు మీదనే వచ్చిండు పాపం,
టికెట్ల మిషిను బెల్టు వాత భుజం మీద ఇంకా ఉన్నది.
బెంచి మీద పండుకున్నడు.
"నేను ఎత్తిస్త కాకా" అన్నడు ఒక పోరగాడు.
ఎత్తిచ్చిండు. బుద్ధిమంతుడే.
గప్పుడే ఫోను మోగింది.

జానయ్య ఇంకా ఊ అనలే.

కర్ర తుడుపు ఎక్కడ పడ్డదో నాకెరుక లేదు.
రెండంగలు.
నా చేతులకు మతిమరుపు లేదని
ఆ దినం తెలిసింది.
ఇనుము చల్లగున్నది, బస్తా ఎప్పుడు గోరువెచ్చగుండేది,
గంతే తేడా.
జానయ్య కండ్లు పైన ట్యూబులైటును పట్టుకొని ఉన్నయి.
శానసేపటికి అన్నడు,
"ఊ."

పోరగాడు చెవులకెల్లి గింజ తీసి
"ఏమన్నవ్ కాకా?" అని నన్నడిగిండు.
నేనేమనలే.
అన్నది నేను గాదు గదా.

రాత్రి పదిన్నరకు అందరు పోయినంక
లైట్లన్ని బందుజేసి ఒక్కటుంచిన.
ఉత్త కడ్డీ, బిళ్ళలు లేకుండ,
నేను గూడ పండుకొని నాలుగుసార్లు ఎత్తిన.
ఐదోసారి నడుం తిట్టింది.
లేసి చూస్తె
నల్లటి బెంచి మీద నా వీపు అచ్చు,
తడితడిగ, కొంచెం వంకరగ.

తువ్వాల కొసతోని తుడిసిన.
తెల్లారి షట్టర్ లేపేది మళ్ళ నేనే అయినా.