నాలుగు వేళ్ళ మడత

ఒక్క రోజు షూటింగుకి
ఇంత మడత ఎందుకు ఖాలా, అంది డైరెక్టరమ్మ.
నల్ల గౌను కింది అంచులో
నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టాను.
చేతి అలవాటమ్మా, అన్నాను.
కుందూజ్‌లో ఇరవై ఏళ్ళు బడిపిల్లల బట్టలు కుట్టినదాన్ని.
పెరిగే పిల్లకి కాస్త గుడ్డ దాచకుండా
నా కత్తెర ఆడదు.

పంజ్ నది దాటొచ్చిన మాకోసం
వహ్దత్ పట్నం చివర
ప్లైవుడ్‌తో బడి గేటు నిలబెట్టారు.
నీలం రంగు ఇంకా తడిగానే ఉంది.
గేటు వెనక బడి లేదు,
ఎవరిదో ఖుబానీ తోట, కట్టేసిన గాడిద.

కాపలావాడి వేషం నస్రుల్లాది.
తెల్లారకముందే రొట్టెలు కాల్చి వచ్చాడు,
గడ్డంలో పిండి దులిపింది నేనే.
అతని మాట ఒక్కటే:
"ఆరు దాటినవాళ్ళు ఇంటికి పొండి."
మొదటిసారి గొంతు పెగల్లేదు.
రెండోసారి మరీ మెత్తగా అన్నాడు,
రొట్టెలైపోయాయి రేపు రండి అన్నట్టు.
ఏడోసారికి వచ్చింది
ఆ గొంతు.
టీ పోస్తున్న ఆవిడ చేతిలో కెటిల్ ఒలికింది.
కట్ అనగానే చెక్క తుపాకీ పక్కన పెట్టి
గుండె మీద చెయ్యేసుకుని
పిల్లలందరి ముందూ తల వంచాడు.

జర్‌ఘూనా మాత్రం ఏడవలేదు.
ఏడుపు కావాలమ్మా, అన్నారు.
"ఆ రోజు నేను ఏడవలేదు."
మరేం చేశావు?
"గేటు సందులోంచి చూశాను,
నా బెంచీ మీద ఎవరు కూర్చుంటారా అని."

తర్వాత డబ్బులు అయిపోయాయి.
గేటుని తోటాయన కోళ్ళగూటికి తలుపు చేసుకున్నాడు.
కూలికి బదులు గౌను ఇమ్మంది జర్‌ఘూనా.
ఇంట్లో అదే వేసుకుని తిరిగేదట,
నీళ్ళు మోసేటప్పుడూ, అంట్లు తోమేటప్పుడూ.

పదినెలలకి మళ్ళీ పిలుపు.
కొత్త గేటు, అదే నీలం.
తీయాల్సింది అదే ఉదయం.
గౌను మాత్రం పిల్ల మోకాళ్ళ దాకా పోయింది.
డైరెక్టరమ్మ నావైపు చూసింది.
నేను బ్లేడు తీశాను.

ఒక్కో కుట్టూ తెగుతుంటే
నా ఇనప్పెట్టె గుర్తొచ్చింది.
అందులో మా హుమైరా గౌను.
ఏటా ఒక వేలు వదులుతూ వచ్చాను, ఆరో తరగతి దాకా.
ఇంకా రెండు వేళ్ళు అలాగే ఉన్నాయి.
పిల్ల నా భుజం దాటింది.

గౌను దిగింది. కానీ
ఎండ ఎరగని గుడ్డ కదా,
వెలిసిన నలుపు కింద కొత్త నలుపు,
మధ్యన మడత గీత.
తడిపాను, ఇస్త్రీ చేశాను. పోలేదు.
"కెమెరాకి దొరికిపోతుంది ఖాలా," అన్నాడు కుర్రాడు,
"ఒక్క ఉదయంలో ఇంత పెరిగిందంటే
ఎవరు నమ్ముతారు?"

ఆ ఉదయం ఇంకా అయిపోలేదుగా నాయనా, అన్నాను.

డైరెక్టరమ్మ ఏమీ అనలేదు.
నస్రుల్లా గడ్డంలో మళ్ళీ పిండి. దులిపాను.
జర్‌ఘూనా గేటు వైపు నడిచింది,
అడుగడుక్కీ ఊగుతూ
ఆ గీత.