ఏడు నొక్కులు

డేజన్‌లో, కళ్లద్దాల దుకాణం మీది అంతస్తులో
పూటకి అద్దెకిచ్చే హాలు.
పొడుగు బల్లల మీద నలభై మూడు కీబోర్డులు,
ఒక్కదానికీ తీగ లేదు.
ఇక్కడి నియమం అదే: తెర ఉండదు,
చెవి ఉంటే చాలు.

నాది కిటికీ పక్కన. బూడిద రంగు.
లోపల ఇత్తడి పలక, రెండు కిలోల పైమాటే.
ఎత్తబోయినవాళ్లు ఆగి ఒకసారి నా ముఖం చూస్తారు.
స్విచ్చులన్నీ విప్పి, స్ప్రింగు స్ప్రింగుకీ
సన్నటి కుంచెతో గ్రీజు పూశాను,
రెండు రాత్రులు, కాళ్లు తిమ్మిరెక్కేదాకా.
ఎస్కేప్ మీట ఒక్కటి రెసిన్‌తో పోతపోసింది:
లోపల గోరంత కప్ప, ఎప్పుడూ దూకబోతూ.

వచ్చినవాళ్లు వంగి వేళ్లు ఆడిస్తారు.
"వాన" అంటారొకరు. "గోలీలు" అంటారింకొకరు.
సొహా మాత్రం "చల్లారిన పెనం మీద బఠాణీలు" అంది.
ఒక్కొక్కరు లేవగానే మీటలు తుడిచి పెడతాను.
ఎవరేం కొట్టారో ఎవరూ అడగరు.
చాలామంది తమ పేరే కొడతారు. నేనూ అంతే.

మూసే వేళకి వచ్చాడు ప్యో గ్వాంగ్‌సిక్,
సిటీబస్సు డ్రైవరు చొక్కాలోనే.
కొనే మనిషిలా లేడు.
అరచేతులు వాల్నట్ చెక్కకి ఆనించి
కాసేపు ఊరికే కూర్చున్నాడు.

మా రాతలో హల్లులన్నీ ఎడమచేతివి,
అచ్చులన్నీ కుడిచేతివి.
వినగా వినగా రెండు చేతులూ
వేరువేరు గొంతులయిపోయాయి నాకు.
ఎడమ, కుడి. ఎడమ, కుడి. ఎడమ, ఎడమ, కుడి.
ఆగాడు.
మళ్లీ అదే. ఏడు నొక్కులు.
మళ్లీ.
స్పేస్ బార్ ఒక్కసారీ తాకలేదు.

"మియాన్‌హే", మన్నించు, అనుకున్నాను.
ఎవరినో, పాపం, అని కూడా అనుకున్నాను.
అనుమానమొచ్చి ఒళ్లో వేళ్లు కదిపి చూశాను:
"సారంగ్‌హే", ప్రేమిస్తున్నా, అన్నా ఇవే ఏడు.
"గియొఖే", గుర్తుంచుకో, అన్నా ఇవే,
ఇదే వరస, ఇదే తడబాటు
ఎడమ మీద ఎడమ పడేచోట.

చివర్న చెరిపే మీట అదిమి పట్టుకున్నాడు
చాలాసేపు.
చెరపడానికి అక్కడేముందని?
"స్ప్రింగులెంత?" అన్నాడు తలెత్తి.
"అరవై రెండు గ్రాములవి."
"మా బ్రేకు కన్నా నయం" అని లేచి
కుర్చీ ఉన్నచోటే పెట్టి వెళ్లాడు.

అవతల బల్లలు మడిచేస్తున్నారు.
కొత్త మీటలకి చేతి తడి ఇట్టే అంటుతుంది.
దీపం కింద కాస్త వంచితే చాలు:
ఎడమ చిటికెనవేలి మీట మెరిస్తే ఒక మాట,
చూపుడువేలిది మెరిస్తే
మిగిలిన రెండింట్లో ఏదో.

గుడ్డ తీసుకున్నాను.
దీపానికి వీపు పెట్టి
ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచాను.
కప్పని కూడా.

స్పేస్ బార్ కింద ఇంకా ఎక్కడో చిన్న టిక్కు మిగిలింది.
ఆదివారం విప్పి చూడాలి.